మా అమ్మ దోసిలి పట్టనంది

పన్నెండు నిమిషాల సినిమా ఒకటి తీయడానికి మేం ఆరుగురం విద్యార్థులం అయిదు నెలలుగా కసరత్తు చేస్తున్నాం. ఇప్పటికి ఒక్క షాట్ కూడా తీయలేదు. వచ్చే వారం పల్నాడులోని మా ఊళ్ళో చిత్రీకరణ మొదలవుతుంది. జర్నలిజం కోర్సు చివరి ఏడాదిలో ప్రతి బృందమూ ఒక లఘుచిత్రం సమర్పించాలి. దానికి వంద మార్కులు. సినిమా పూర్తయ్యాక దాని గురించి రాయడం రివాజు. నేను తీయకముందే రాస్తున్నాను. కులం మా సినిమాకు కథావస్తువు కావడానికి ముందే దాని ప్రణాళికలోకి వచ్చి కూర్చుంది. కెమెరా ఎవరు పట్టాలి, సామాను ఎవరు మోయాలి, ఎవరి కళ్ళంలో తీయాలి, ఎవరికి కూలి ఇవ్వాలి, తెరమీద ఎవరు ఏడవాలి అన్న ప్రతి ప్రశ్నలోనూ అదే ఎదురైంది. తెరమీద కనిపించే కులం గురించి మన పత్రికల్లో చర్చ చాలా జరిగింది. తెరకెక్కక ముందు, కాగితం మీదే పని చేసే కులం గురించి ఎవరైనా చెప్పి ఉంటే మా అయిదు నెలల్లో రెండు నెలలైనా మిగిలేవి.

ఆగస్టులో తరగతి గదిలో ప్రతి బృందమూ తన కథను రెండు వాక్యాల్లో చెప్పవలసి వచ్చింది. నేను చెప్పినవి ఇవి: "మిరపకోతకు వెళ్ళిన మాదిగ స్త్రీ కళ్ళంలో దాహమై నీళ్ళడుగుతుంది. పైనుంచి పోస్తున్న నీళ్ళను ఆమె దోసిలి పట్టి తాగుతుండగా, వెంట వచ్చిన కూతురు మొదటిసారి ఆ దృశ్యాన్ని చూస్తుంది." సినిమా పేరు 'దోసిలి'. ఆ కూతుర్ని నేనే. మా అధ్యాపకులు శ్రద్ధగా విని, "ఇది ఏ కాలపు కథమ్మా?" అని అడిగారు. ఇప్పటిదేనండి అన్నాను. "ఇప్పుడు దోసిళ్ళెక్కడున్నాయి, రెండు గ్లాసులెక్కడున్నాయి? రాజ్యాంగం అంటరానితనాన్ని ఎప్పుడో రద్దు చేసింది కదా. మీ తరం ఇంకా అక్కడే ఆగిపోతే ఎలా?" అన్నారు. ఆయన మాటలో ద్వేషం లేదు, నా మేలు కోరే అన్నారు. కానీ ఆ రోజు తరగతిలో ఇంకా ఏడు కథలు వినిపించాయి. విఫలప్రేమ, మతిమరుపు తాతయ్య, సెల్‌ఫోన్‌కు బానిసైన కుర్రాడు. వాటిలో ఒక్కదాన్ని కూడా ఏ కాలపు కథ అని ఎవరూ అడగలేదు. కులం కథ చెప్పేవాళ్ళే ప్రతిసారీ వయసు ధ్రువపత్రం చూపించాలి. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణతో అంటరానితనాన్ని రద్దు చేసిన మాట నిజమే. మరి 39 ఏళ్ళ తర్వాత, 1989లో, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఎందుకు అవసరమైందో ఆ రోజు అడగడానికి నాకు నోరు రాలేదు.

రెండో సమావేశంలో పనుల పంపకం జరిగింది. అది పావుగంటలో ముగిసింది. సొంత కెమెరా ఉన్న మిత్రుడు కెమెరామన్ అయ్యాడు. మంచి ల్యాప్‌టాప్ ఉన్న అమ్మాయి ఎడిటర్ అయింది. ఇంగ్లీషు బాగా రాసేవాడు విభాగానికి ఇవ్వవలసిన ప్రతిపాదన పత్రం రాసే బాధ్యత తీసుకున్నాడు. అది ఇంగ్లీషులోనే ఉండాలన్నది నియమం. కథ నాది కనుక దర్శకత్వం నాకు వచ్చింది. మిగిలిన ఇద్దరి పేర్ల పక్కన 'ప్రొడక్షన్' అని రాశాం. అంటే ట్రైపాడ్ మోయడం, తీగలు చుట్టడం, టీలు తేవడం. ఆ ఇద్దరూ సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదివి వచ్చినవాళ్ళు. ఈ పంపకంలో ఎవరూ ఎవరినీ కులం అడగలేదు, ఎవరినీ తక్కువ చేయాలనీ అనుకోలేదు. ఎవరి దగ్గర ఏ వస్తువుందో దాన్ని బట్టి పని ఇచ్చాం, అంతే. కాకపోతే ఎవరి దగ్గర ఏ వస్తువు ఉంటుందన్నది మా తాతల కాలంలోనే తేలిపోయింది. ఆ జాబితాను నేనే నా చేత్తో రాశాను. మూడు రోజుల తర్వాత గోడ మీద అంటించినప్పుడు గానీ నాకూ కనిపించలేదు.

జాబితా చింపి మళ్ళీ మొదలుపెట్టాం. ఆరుగురం తలా ఒక నిమిషం చిత్రీకరించాలి, అదే కెమెరాతో, అదే టీ బంకు దగ్గర, అదే సాయంత్రం అనుకున్నాం. కెమెరా సొంతదారు తీసిన నిమిషంలో పొగలు కక్కే టీ, వెనుక నుంచి పడే ఎండ, నవ్వుతున్న మొహాలు ఉన్నాయి. చాలా అందంగా ఉంది. 'ప్రొడక్షన్' మిత్రుడు కెమెరాను కౌంటరు కిందికి దించి, బకెట్లో గ్లాసులు కడిగే పిల్లవాడి చేతులు మాత్రమే తీశాడు. పైన మాట్లాడుతున్నవాళ్ళ గొంతులు వినిపిస్తాయి, మొహాలు కనిపించవు. ఆ నిమిషం చూశాక ఎవరికీ వాదన మిగల్లేదు. ఇప్పుడు మా సినిమాకు ఇద్దరు కెమెరామన్లు. ట్రైపాడ్ వంతులవారీగా ఆరుగురం మోస్తాం.

దసరా సెలవులకు ఇంటికి వెళ్ళి అమ్మకు స్క్రిప్టు చదివి వినిపించాను. తల్లి పాత్ర ఆమే వేయాలన్నది నా కోరిక. మిరప కోసే చేతి వేగం నటులకు రాదు. కారం మంటకు ఎర్రబడి, రాత్రిళ్ళు కొబ్బరినూనె రాసుకునే ఆ వేళ్ళను ఏ మేకప్పూ తయారు చేయలేదు. అమ్మ వంట చేస్తూనే అంతా విన్నది. కళ్ళం దృశ్యం దగ్గరికి వచ్చేసరికి గరిటె పక్కన పెట్టింది.

"అది నేను చెయ్యనమ్మే" అంది.

"నటనేగా అమ్మా."

"నటనైనా అయ్యి నా చేతులే గదా. ముప్పై ఏళ్ళు పట్టా. ఇంక పట్టను. నీ సినిమా కోసం గూడా పట్టను."

"పట్టకపోతే చూసేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?"

"పోసినోళ్ళకి తెలవదా? తాగినోళ్ళకి తెలవదా? ఇంకెవురికి తెలవాలే?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అమ్మ వేసింది స్క్రిప్టు మొత్తానికి సంబంధించిన ప్రశ్న. నేను ఎవరికి తెలియజెప్పాలని ఆమె చేతులను మళ్ళీ జోడించమంటున్నాను? తరగతి గదిలో 'ఇప్పుడు దోసిళ్ళెక్కడున్నాయి' అన్న అధ్యాపకులకు. రేపు ఏదో చిత్రోత్సవంలో చూసి కళ్ళు తుడుచుకునే ప్రేక్షకులకు. వాళ్ళ నమ్మకం సంపాదించడానికి ఆమె ముప్పై ఏళ్ళ అవమానాన్ని మూడు టేకుల్లో మళ్ళీ పడాలి. వెలుతురు సరిగ్గా పడకపోతే నాలుగోసారి కూడా. దళిత జీవితం మీద వచ్చే కథల్లో మన దేహాలు సాక్ష్యాలుగా మారిపోతున్నాయని సభల్లో మాట్లాడిన దాన్నే నేను. నా చేతికి సినిమా వచ్చేసరికి మొట్టమొదట నేను చేసిన పని కూడా అదే.

మర్నాడు పొద్దున అమ్మ అటక మీంచి ఒక స్టీలు మరచెంబు దించి నా ముందు పెట్టింది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా కోటప్పకొండ తిరునాళ్ళలో కొన్నది. దాని మెడ మీద చుక్కలు చుక్కలుగా పేరు చెక్కించి ఉంది. గిన్నెల కొట్లో పేర్లు చెక్కేవాడు మామూలుగా ఒక్క పేరు వేసి ఊరుకుంటాడు. ఇంటిపేరుతో సహా వేయమని అమ్మ పట్టుబట్టిందట. ఆ మర్నాటి నుంచి ఆ చెంబు ఆమెతో పాటు చేనికి వెళ్ళింది. ఆమె ఇంకెవరినీ నీళ్ళడగలేదు. మూడో రోజున ఆసామి చూసి, "ఏమే, మా నీళ్ళు పనికిరాకుండా పోయినయ్యా?" అన్నాడు. ఆ వారమంతా ముఠాలో అందరికీ పని వచ్చింది, మా అమ్మకు రాలేదు. ఎనిమిదో రోజు కోత ఆగిపోయేలా ఉండి మళ్ళీ కబురు పంపారు. ఆమె చెంబు పట్టుకునే వెళ్ళింది. ఇన్నేళ్ళలో ఈ కథ ఆమె మాకెవరికీ చెప్పలేదు. అడిగితే, "చెప్పుకునేంత ఏముందే అందులో" అంది. ఆ చెంబు ఒకటి సొట్టపడి అటకెక్కిన తర్వాత మరొకటి కొన్నది; దాని మీద కూడా ఇంటిపేరు ఉంది.

స్క్రిప్టు మళ్ళీ రాశాను. సినిమా పేరు 'మరచెంబు' అయింది. పనిలేని ఆ వారం రోజులే కథ. ఏడు పొద్దుటి పూటలు. అమ్మ నీళ్ళు నింపుకుంటుంది, మూత బిగిస్తుంది, గుమ్మంలో కూర్చుంటుంది. ముఠా వెళ్ళిపోతుంది. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపిస్తుంటుంది. కూతురు బడికి వెళ్ళి వస్తుంటుంది. ఎనిమిదో రోజు కబురు వస్తుంది. అవమానించే దృశ్యం ఒక్కటీ లేదు. కొత్త స్క్రిప్టు చూసి అధ్యాపకులు, "ఇందులో ఘర్షణ ఎక్కడుందమ్మా?" అన్నారు. పాఠ్యపుస్తకంలో ఘర్షణంటే ఇద్దరు ఎదురెదురుగా నిలబడాలి. మా ఊళ్ళో ఘర్షణ అలా జరగదు. పని ఆగిపోతుంది, పాలు ఆగిపోతాయి, అప్పు పుట్టదు. చెయ్యెత్తకుండానే దెబ్బ తగులుతుంది. ఈ సంగతి ఆయనకు వివరించడానికి రెండు వారాలు పట్టింది. చివరికి అర్ధమనస్కంగానే అయినా సంతకం పెట్టారు. అందుకు ఆయనకు కృతజ్ఞురాలిని.

నీళ్ళకూ పాత్రకూ మన చరిత్రలో ఉన్న బరువు ఆ రెండు వారాల్లోనే నాకు తెలిసివచ్చింది. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ వేలాది మందితో కదలి చవదార్ చెరువు నీళ్ళు తాగారు. ఆ ఘట్టాన్ని చిత్రించిన బొమ్మల్లో ఆయన దోసిలితోనే కనిపిస్తారు. ఎవరో ఎత్తి పోస్తే పట్టే దోసిలి వేరు, తానే వంగి చెరువులోంచి ముంచుకునే దోసిలి వేరు. 1985 జూలైలో కారంచేడులో మాదిగపల్లె తాగే చెరువు నీళ్ళను మురికి చేయవద్దన్నందుకే గొడవ మొదలైంది. మున్నంగి సువార్త తన మీదికి వచ్చినవాళ్ళ పైకి చేతిలోని బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, పల్లె మీద దాడి చేసి ఆరుగురిని చంపారు. ఒక స్త్రీ చేతిలోని నీళ్ళ పాత్ర ఆ ఊళ్ళో ఎంత పెద్ద ధిక్కారంగా కనిపించిందో దీన్ని బట్టి తెలుస్తుంది. మా అమ్మ మరచెంబు అంతటి చరిత్రకు ఎక్కదు. కానీ అది ఆ వరసలోని పాత్రే.

సినిమా చరిత్ర కూడా తిరగేశాం. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశారు. కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి. మాలపిల్లగా కాంచనమాల నటించారు. ఆ కాలానికి అది సాహసమే, కాదనలేం. అయితే మాలపల్లె కథను రాసినవాళ్ళు, తీసినవాళ్ళు, అందులో నాయికగా నటించినవారు పల్లె బయటివాళ్ళు. దీనికి తలకిందులైన కథ కేరళలో జరిగింది. జె.సి. డేనియల్ తీసిన మలయాళ తొలి మూకీ 'విగతకుమారన్'లో పి.కె. రోజీ అనే దళిత యువతి నాయర్ స్త్రీగా నటించింది. ఆ సాహసాన్ని అగ్రకుల ప్రేక్షకులు సహించలేకపోయారు. తెర మీద రాళ్ళు పడ్డాయి, ఆమె ఊరు విడిచి పారిపోవలసి వచ్చింది. ఆ సినిమా ప్రతి ఒక్కటీ నేడు మిగల్లేదు. పైకులాలవారు మన పాత్ర వేస్తే అది సంస్కరణ అయింది, మనం వాళ్ళ పాత్ర వేస్తే అది నేరమైంది.

ఆ చరిత్రను తిరగరాసినవాళ్ళూ ఉన్నారు. నాగరాజ్ మంజులే 'పిస్తుల్యా' అనే లఘుచిత్రంతో మొదలై 2013లో 'ఫండ్రీ' తీశాడు. అందులో పిల్లవాడు చివర విసిరిన రాయి నేరుగా కెమెరా మీదికి, అంటే చూస్తున్న మన మీదికే వస్తుంది. మారి సెల్వరాజ్ 2018లో తీసిన 'పరియేరుం పెరుమాళ్' చివరి చిత్రంలో రెండు టీ గ్లాసులు పక్కపక్కనే ఉంటాయి. వీటిని మేమంతా పదేసిసార్లు చూశాం. దాని ఫలితమేమిటో స్టోరీబోర్డు గీశాక తెలిసింది. మొదటి ముసాయిదాలో ఒక రాయి ఉంది, రెండు గ్లాసులున్నాయి, నీలిరంగు గోడ ఉంది, పతాక సన్నివేశంలో డప్పు ఉంది. ఒక్కటీ మా ఊరిది కాదు, అన్నీ మేం చూసిన సినిమాలవి. డప్పు మా పల్లె ప్రాణం, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ పని దొరకని ఆ వారం మా ఇంట్లో డప్పు మోగలేదు. వినిపించింది ముఠాను ఎక్కించుకుని వెళ్ళే ఆటో శబ్దం. కనుక మా సినిమాలో సంగీతం లేదు. ప్రతి పొద్దునా ఆటో దగ్గరికి వచ్చి, ఆగి, దూరమయ్యే శబ్దం మాత్రమే ఉంటుంది.

డిసెంబరులో కెమెరా మిత్రుడితో కలిసి లొకేషన్ చూడడానికి ఊరికి వెళ్ళాను. కళ్ళం ఇంకా ఖాళీగానే ఉంది. సంక్రాంతి తర్వాత అక్కడ ఎర్రటి మిరపకాయలు పరుచుకున్నప్పుడు పైనుంచి డ్రోన్‌తో తీస్తే అద్భుతంగా ఉంటుందన్నాడు మిత్రుడు. నిజంగానే ఉంటుంది. అయితే అంత ఎత్తు నుంచి ఎరుపు కనిపిస్తుంది గానీ మంట కనిపించదు. అనుమతి అడగడానికి నాన్నను వెంటబెట్టుకుని ఆసామి ఇంటికి వెళ్ళాం. ఆసామి లేడు, కొడుకు ఉన్నాడు. నాన్నకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు. నాన్నను "ఏరా, ఎందుకొచ్చారు?" అన్నాడు. మా మిత్రుణ్ణి "రండి, కూర్చోండి" అన్నాడు. మిత్రుడికి కుర్చీ వేశారు. నాన్న అరుగు కింద నిలబడ్డాడు, నేనూ ఆయన పక్కనే నిలబడ్డాను. కాఫీ వచ్చింది. అతను మర్యాదగానే మాట్లాడాడు, సినిమా అనగానే సరదాపడ్డాడు. కథేమిటని అడిగాడు. "తల్లీకూతుళ్ళ సెంటిమెంటు" అన్నాను. తీసుకోండి అన్నాడు.

తిరుగు ప్రయాణంలో మిత్రుడు ఫోనులో తీసుకున్న వీడియోలు చూసుకుంటున్నాడు. ఎండ ఎటు నుంచి పడుతుందో గుర్తు కోసం అరుగు మీంచి అతను ఊరికే ఒకసారి ఫోను తిప్పాడు. అందులో తన చేతిలో స్టీలు గ్లాసు ఉంది. నాన్న చేతిలో, నా చేతిలో కాగితపు కప్పులున్నాయి. బస్సు దిగేదాకా అతనేం మాట్లాడలేదు. దిగాక, "అక్కడే ఉండి కూడా నేను చూడలేదు" అన్నాడు. అధ్యాపకుల ప్రశ్నకు జవాబు ఆ ఫోనులో ఉంది. రెండో గ్లాసు ఎక్కడికి పోయిందంటే, వాడి పారేసే కప్పు అయింది. కడగవలసిన పని లేదు, ఎవరూ ఫిర్యాదు చేయలేరు, చట్టానికి దొరకదు. శుభ్రత అంటే కాదనేవాళ్ళెవరు?

ఆ వీడియోను సినిమాలో వాడుకుందామని బృందంలో నలుగురు అన్నారు. మార్కుల సంగతి అటుంచి, ఏ ఉత్సవానికి పంపినా నిలుస్తుందన్నారు. వాదన రెండు రోజులు సాగింది. నేను ఒప్పుకోలేదు. అది అడగకుండా తీసిన వీడియో అన్నది ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, చిత్రీకరణ మూడు రోజులు, మా అమ్మానాన్నలు ఆ ఊళ్ళో బతకాల్సింది మిగతా ఏడాదంతా. మేం సినిమా తీసుకుని బస్సెక్కేస్తాం. ఆ కళ్ళంలోకి మళ్ళీ కూలికి వెళ్ళవలసింది మా అమ్మ. "సెంటిమెంటు కథ" అని నేను చెప్పిన అబద్ధానికి రేపు లెక్క చెప్పవలసింది మా నాన్న. ఒక వారం పని ఆగితే ఏమవుతుందో చెప్పే సినిమా తీస్తూ, వాళ్ళకు ఇంకో వారం పని ఆగేలా చేయడానికి నాకేం హక్కుంది? ధైర్యం చేయాలా వద్దా అన్నది వాళ్ళు తేల్చుకోవలసిన విషయం. అమ్మనూ నాన్ననూ అడిగాం. సినిమా తీయమన్నారు, ఆ ఇంటి గుమ్మం మాత్రం ఎక్కవద్దన్నారు.

అందుచేత కళ్ళం వదిలేశాం. ఆసామి కొడుక్కు నాన్నతో కబురు పంపకుండా నేనే ఫోన్ చేసి, మాకు కళ్ళం అవసరం లేదని చెప్పాను. కెమెరా మా పల్లె దాటి వెళ్ళదు. గుమ్మంలో, వీధిలో, కుళాయి దగ్గర, ఆటో ఆగే మలుపు దగ్గర మాత్రమే నిలబడుతుంది. ఊరు దూరంగా, చేల అవతల కనిపిస్తుంది. మన సినిమాల్లో కెమెరా ఇంతకాలం ఊళ్ళో నిలబడి పల్లె వైపు చూసింది. అవసరమైనప్పుడు పల్లెలోకి వచ్చి, జాలిపడి, మళ్ళీ ఊళ్ళోకి వెళ్ళిపోయింది. మా కెమెరా పల్లెలో పుట్టి పల్లెలోనే ఉంటుంది. ఇది మేం ముందుగా అనుకున్న సిద్ధాంతం కాదు. మా వాళ్ళ బతుకుతెరువు కాపాడుకోవాలని చూస్తే కెమెరాకు మిగిలిన చోటు అదే.

ఇక డబ్బు సంగతి. తలా 4,000 వేసుకుంటే 24,000 రూపాయలయ్యాయి. లెన్సు, సౌండ్ రికార్డరు అద్దె మూడు రోజులకు 6,000. ప్రయాణాలకు 5,000. భోజనాలకు 5,000. మొదటి బడ్జెట్ కాగితంలో నటించేవాళ్ళ గడి ఖాళీగా ఉంది. "మీ అమ్మే కదా, మీ వాళ్ళే కదా" అన్నారు. మా వాళ్ళే కాబట్టే ఉచితం అన్న లెక్క మాకు కొత్త కాదు. ఊరి వెట్టి కూడా అదే లెక్క మీద నడిచింది. మిరపకోత రోజుల్లో మూడు రోజులు మానుకుంటే మూడు రోజుల కూలి పోతుంది. అమ్మకూ, ముఠాలోని మరో ఇద్దరు స్త్రీలకూ రోజుకు 400 చొప్పున మూడు రోజులకు 3,600 రాశాం. మిగిలిన 4,400 హార్డ్‌డిస్కుకూ, అనుకోని ఖర్చులకూ. డ్రోన్ అద్దె కొట్టేశాం. భోజనం పట్నం నుంచి తెప్పిద్దామన్న మాట కూడా వచ్చింది, శుభ్రత కోసమన్నారు. నేను కాగితపు కప్పులు గుర్తు చేశాను. వంట మా పల్లెలోనే, వండినవాళ్ళకూ కూలి ఆ 5,000లోనే. ఆరుగురం అక్కడే కూర్చుని తింటాం.

అంగీకార పత్రం తెలుగులో, ఒకే పేజీలో రాశాం. చదవడం రానివాళ్ళకు చదివి వినిపిస్తాం. చివరి కూర్పు పూర్తయ్యేదాకా ఎవరు ఎప్పుడు వద్దన్నా వాళ్ళ దృశ్యం తీసేస్తామని అందులో ఉంది. దీనివల్ల సినిమా మొత్తం కూలిపోయే ప్రమాదం లేదా అని మిత్రుడు అడిగాడు. ఉంది. ఆ ప్రమాదం మా మీద ఉండడమే న్యాయం. అలా కాకపోతే అది వాళ్ళ మీద పడుతుంది.

ఈ అనుభవం నుంచి విశ్వవిద్యాలయాల్లోని మాధ్యమ విభాగాలను నేను కోరేది పెద్దదేమీ కాదు. విద్యార్థి సొంత కెమెరాను బట్టి పనులు నిర్ణయం కాకుండా, విభాగం కెమెరాలను అన్ని బృందాలకూ వంతులవారీగా ఇవ్వండి. ప్రతిపాదన పత్రం తెలుగులో రాస్తే తీసుకోండి. ఇంగ్లీషు రాని వాడికి సినిమా రాదని అనుకోకండి. మార్కుల పట్టికలో వెలుతురుకూ కూర్పుకూ ఉన్నట్టే, సినిమాలో కనిపించే మనుషుల సమ్మతికీ, కూలికీ, తర్వాతి క్షేమానికీ ఒక గడి పెట్టండి. కులం కథ చెప్పిన విద్యార్థిని ఏ కాలపు కథ అని అడిగేముందు ఒక్కసారి ఆ ఊరికి వెళ్ళి నిలబడి కాఫీ తాగిరండి. కాలం ఏదో ఆ కప్పే చెబుతుంది.

తోటి విద్యార్థులకు, ముఖ్యంగా పల్లెల నుంచి, వాడల నుంచి వచ్చి కెమెరా పట్టబోతున్నవాళ్ళకు ఒక మాట. మన కథ మనదే కనుక మనం తీసేదంతా న్యాయంగానే ఉంటుందని నేను నమ్మాను. ఆ నమ్మకంతోనే మా అమ్మను దోసిలి పట్టమన్నాను. పుట్టుక మనకు కథను ఇస్తుంది గానీ దాన్ని ఎలా చూపాలో ఇవ్వదు. అది అడిగి తెలుసుకోవాలి. స్క్రిప్టు ముందుగా చదివి వినిపించవలసింది అధ్యాపకులకు కాదు, ఎవరి బతుకును తీస్తున్నామో వాళ్ళకు. వాళ్ళు కాదంటే ఆ 'కాదు' దగ్గరి నుంచి కథను మళ్ళీ మొదలుపెట్టాలి.

నిన్న అమ్మకు ఫోన్ చేసి చిత్రీకరణ తేదీలు చెప్పాను. ఆమె రెండు షరతులు పెట్టింది. సినిమా పూర్తయ్యాక మొదట మా పల్లె బడి గోడ మీద వెయ్యాలి, మార్కుల సంగతి తర్వాత. రెండోది, చిత్రీకరణ సామానులో కలిపేసి చెంబును హైదరాబాదు పట్టుకుపోకూడదు. "మూడు రోజులే ఇస్తా. నాలుగో రోజు కోతకి పోవాల, నా చెంబు నాకు కావాల" అంది.

షూటింగు షెడ్యూలులో నాలుగో రోజు కింద ఆ సంగతి రాసి పెట్టాను.